పాటకూ ఉండాలో పోపులపెట్టె!

'మిక్సర్ కొనుక్కుంటా, డబ్బులివ్వమ్మా' అని అడిగి చూడండి. 'ఉన్న మిక్సీ బాగానే తిరుగుతోంది కదరా!' అన్న జవాబు ఏ ఇంట్లోనైనా ఠక్కున వచ్చేస్తుంది. ఇది అల్లం వెల్లుల్లి నూరేది కాదనీ, పాటను కలిపేదనీ నచ్చజెప్పాక రెండో ప్రశ్న వస్తుంది- 'ఎంతవుతుందేం?'. చిక్కంతా అక్కడే. ఏడెనిమిది వేలకీ మిక్సర్ దొరుకుతుంది, అరవై వేలకీ దొరుకుతుంది. రెండింటి మీదా అవే వరసల గుండ్రటి మీటలు, అవే సాకెట్లు. రెండింటి అట్టపెట్టె మీదా 'యూఎస్‌బీ' అని పెద్దక్షరాలే. చౌకది తెచ్చుకుని 'మనకూ స్టూడియో వచ్చింది' అని సంబరపడి, తీరా కంప్యూటర్‌కి కలిపాక తలపట్టుకునేవాళ్లకు కొదవలేదు. నెల జీతంలో సగం పెట్టి కొనే వస్తువు కదా, కొనకముందే నాలుగు సంగతులు తెలుసుకుంటే పోయేదేముంది!

సంగారెడ్డి జిల్లా జిన్నారం చుట్టుపక్కల ఓసారి చూడండి. బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి, బొంతపల్లి... ఎటు పోయినా మందుల ఫ్యాక్టరీలూ రసాయనాల కర్మాగారాలే. పటాన్‌చెరు దాటితే పాశమైలారం. ఇక్కడ ఊరి గడియారం తిరిగేది షిఫ్టుల లెక్కన. ఒకరు డ్యూటీ దిగి వస్తుంటే ఇంకొకరు టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కుతుంటారు. ఆ మధ్యలోనే భజనలూ ఉంటాయి, బతుకమ్మ పాటలూ ఉంటాయి. బొంతపల్లి వీరభద్రస్వామి గుడికి వెళ్లే దారిలో పాటలు వినపడని జాతర ఉంటుందా! ఇప్పుడైతే ప్రతి జేబులోనూ ఫోనుంది, యూట్యూబ్‌లో జానపదాలకు గిరాకీ ఉంది. పాడేవాళ్లకు 'మనదీ ఓ పాట పెడదాం' అని అనిపించడం సహజమే. అలాంటి ఓ ఏడుగురి బృందం రికార్డింగ్‌కు కూర్చుందనుకుందాం. ముందు పాడే అతను ఒకరు, వంత పాడేవాళ్లు ఇద్దరు, హార్మోనియం, డోలక్, తాళాలు, కీబోర్డు.

ఫోను మధ్యలో పెట్టి రికార్డు చేస్తే ఏమవుతుందో అందరికీ అనుభవమే. హార్మోనియం మొత్తం మింగేస్తుంది. డోలక్ 'ధబ్ ధబ్'మంటుంది తప్ప దాని దరువు వినపడదు. తాళాలు చెవిలో గుచ్చుతాయి. ఇంతా చేసి, అసలు పాడినవాడి గొంతు ఎక్కడో బావిలోంచి వస్తుంది.

పులుసులో పడ్డ ఉప్పు

పులుసు మరిగాక ఉప్పెక్కువైందని తెలిస్తే ఏం చేస్తాం? ఉప్పును మాత్రం వెనక్కి తీయలేం. ఫోను రికార్డింగ్ అలా మరిగిపోయిన పులుసే. అదే పోపులపెట్టె చూడండి. ఆవాలు ఓ గిన్నెలో, జీలకర్ర ఓ గిన్నెలో, మెంతులు మరోదాంట్లో. ఏది ఎంత వేయాలో వంట మొదలెట్టాక కూడా మన చేతిలోనే ఉంటుంది. మల్టీట్రాక్ రికార్డింగ్ అంటే అదే. ఒక్కో గొంతూ ఒక్కో వాద్యమూ దేని గిన్నెలో అది పడుతుంది. ఆ గిన్నెకే 'ట్రాక్' అని పేరు. తర్వాత తీరిగ్గా కూర్చుని హార్మోనియం తగ్గించొచ్చు, గొంతు పెంచొచ్చు. మూడో చరణంలో డోలక్ తప్పిందా... అందర్నీ మళ్లీ పిలవక్కర్లేదు, ఆ ముక్క ఒక్కటే మళ్లీ వాయించి అతికించొచ్చు.

ఈ సౌకర్యం ఆషామాషీగా రాలేదు. ఒకప్పటి మద్రాసు స్టూడియోల్లో సినిమా పాటంటే గాయకులూ వాద్యబృందమూ అంతా ఒకేచోట చేరి ఒకేసారి పాడి వాయించాల్సిందే. చివరి చరణంలో ఏ వయొలినో అపస్వరం పలికితే మళ్లీ పల్లవి దగ్గర్నుంచి మొదలు! అమెరికాలో గిటారిస్టు లెస్ పాల్‌కి ఈ బాధ నచ్చలేదు. తన మీద తనే పాడుకుంటూ, తన గిటారుకి తనే తోడు వాయించుకుంటూ ప్రయోగాలు చేశాడు. 1957లో ఆంపెక్స్ కంపెనీ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని చేసిచ్చింది ఆయనకే. అదేమో ఇంట్లో మనిషెత్తు బీరువాలా ఉండేది, ఖరీదు మామూలువాళ్లు తలచుకునేది కాదు. బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల యంత్రాల మీదే రికార్డు చేశారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇప్పుడు వాళ్ల ఫోన్లలోని ఉచిత యాప్‌లే అంతకన్నా ఎక్కువ ట్రాకులిస్తాయి మరి!

ఇంటి రికార్డింగ్‌కు అసలు తలుపు తెరిచింది 1979లో. జపాన్‌కు చెందిన టీయాక్ కంపెనీ 'పోర్టాస్టూడియో' పేరుతో ఓ పెట్టె తెచ్చింది. మామూలు పాటల క్యాసెట్టు పెడితే చాలు, దాని మీదే నాలుగు ట్రాకులు. చిన్న మిక్సరూ రికార్డరూ రెండూ అందులోనే. మూడేళ్ల తర్వాత అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో కూర్చుని దానిమీద కొన్ని పాటలు నమూనాగా పాడుకున్నాడు. తర్వాత బృందంతో స్టూడియోలో మళ్లీ చేసి చూస్తే ఆ నమూనాలో ఉన్న జీవం రాలేదట. దాంతో ఇంట్లో చేసిన క్యాసెట్టునే 'నెబ్రాస్కా' పేరుతో 1982లో విడుదల చేసేశారు. మన దక్షిణాదిలో చూస్తే ఎ.ఆర్.రెహమాన్ చెన్నై కోడంబాకంలో ఇంటి వెనక 'పంచతన్ రికార్డ్ ఇన్' స్టూడియో పెట్టుకుంది 1989లో. మూడేళ్లకు 'రోజా' వచ్చింది. తెలుగువాళ్లం కూడా ఎంతలా విన్నామో చెప్పేదేముంది! అమ్మాయి పేరు బిల్లీ ఐలిష్... అన్న ఫినియస్ పడకగదిలో చేసిన పాటలతో 2019లో ఆల్బమ్ తెస్తే మర్నాటి ఏడు గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్ పురస్కారం దానికే దక్కింది. పడకగది అంటే ఏదో రేకుల గది అనుకోకండి, మంచి పరికరాలే ఉన్నాయిలెండి. అయినా అది ఇల్లే.

పెట్టె మీద రాతలు

ఇప్పుడు మిక్సర్ల సంగతికొద్దాం. గుళ్లో ఉండే, టెంట్‌హౌస్‌వాళ్లు తెచ్చే ఆహూజా ఆంప్లిఫయర్ మనందరికీ తెలుసు. దానికి నాలుగైదు మైకులు పెట్టొచ్చు, ఒక్కోదానికీ ఒక్కో మీట. ఓ రకంగా అదీ మిక్సరే. లోపలికి ఎన్ని వెళ్లినా బయటికొచ్చేది మాత్రం ఒక్క కలగాపులగం. నేరుగా మైకుసెట్లోకి పోతుంది. పందిట్లో అంతే కావాలి కూడా.

'యూఎస్‌బీ మిక్సర్' అని చౌకలో దొరికేవాటిలో చాలావాటి కథ కూడా ఇదే. ఉదాహరణకి బెరింగర్ జెనిక్స్ 1204 యూఎస్‌బీ, యమహా ఎంజీ10ఎక్స్‌యూ. రెండూ మంచివే, పందిట్లో పాటకైతే నిక్షేపంలా పనికొస్తాయి. కానీ వీటిలోంచి కంప్యూటర్‌కు వెళ్లేవి రెండే రెండు ట్రాకులు- ఎడమ, కుడి. అంటే మీరు మైకులు ఎన్ని పెట్టినా పులుసు మిక్సర్లోనే మరిగిపోయి వెళ్తుంది. దుకాణంలో 'అన్నా, ఇది యూఎస్‌బీయేనా?' అని అడిగితే 'అవును' అంటారు, అబద్ధమేం కాదు. అడగాల్సింది అది కాదు. 'కంప్యూటర్లో ఎన్ని ట్రాకులు విడివిడిగా వస్తాయి?' అనడగాలి. తెల్లమొహం వేశారా, అక్కడ కొనొద్దు. పెట్టె మీద చిన్నక్షరాల్లో '2 ఇన్, 2 అవుట్' అని కనపడితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

ఇంకో తిరకాసు 'ఛానెళ్లు'. పైన చెప్పిన జెనిక్స్ పేరులో 12 ఉంది కాబట్టి 12 మైకులు పెట్టేయొచ్చని అనిపిస్తుంది. మైకు సాకెట్లు నాలుగే! మిగతావి కీబోర్డులాంటివాటికి జంటలుగా ఇచ్చినవి, ఒక్కో జంటను రెండుగా లెక్కేస్తారు. యమహా ఎంజీ10లోనూ మైకులకు నాలుగే. కాబట్టి మోడల్ పేరులో అంకెను నమ్మొద్దు. మూడు పుల్లల మైకు పిన్ను పట్టే సాకెట్లు ఎన్నున్నాయో వేలుపెట్టి లెక్కపెట్టుకోవడమే మేలు.

అన్నిటినీ విడివిడిగా పంపే మిక్సర్లు లేవా అంటే ఉన్నాయి. సౌండ్‌క్రాఫ్ట్ తెచ్చిన సిగ్నేచర్ 12 ఎంటీకే అలాంటిదే. పేరు చివరి 'ఎంటీకే' మల్టీట్రాక్‌కి పొట్టిపేరు. ఎంటీకే లేని సిగ్నేచర్ 12 కూడా ఉంది, అచ్చు కవలపిల్లలా ఉంటుంది. పొరపాటున అది ఇంటికొచ్చిందంటే మళ్లీ కథ మొదటికే. ఎంటీకే అయితే 14 ట్రాకులు కంప్యూటర్‌కు వెళ్తాయి. ఇక జూమ్ లైవ్‌ట్రాక్, టాస్కామ్ మోడల్ వరసలవి ఇంకో అడుగు ముందుకేశాయి. వీటికి కంప్యూటరే అక్కర్లేదు. కెమెరాల్లో వేసే ఎస్‌డీ కార్డు పెడితే అందులోనే ట్రాకులన్నీ విడివిడిగా పడతాయి. పోర్టాస్టూడియో మనవలన్నమాట! టాస్కామ్ అన్నది ఆ టీయాక్ వాళ్ల పేరే కదా. లైవ్‌ట్రాక్ ఎల్-8లో మైకులకు ఆరు సాకెట్లు, ఎల్-12లో ఎనిమిది. ఎల్-8 అయితే నాలుగు పెన్సిల్ సెల్‌లతోనూ నడుస్తుంది. కరెంటు పోయినా పాట ఆగదు. ధరలు రకాన్నీ, దుకాణాన్నీ బట్టి మారుతుంటాయి కానీ ఈ జాతివి అరలక్షకు అటో ఇటో ఉంటాయని మనసులో పెట్టుకుని బయల్దేరాలి. మన ఏడుగురి బృందం తలా కొంత వేసుకుంటే మోయగలిగిన బరువే. జాతరకు పాడబోతే పందిట్లోనూ అదే మిక్సర్, ఆ రాత్రి పాడిందంతా అదే కార్డులో రికార్డూ అవుతుంది. మా ఓటు అడిగితే, బృందంగా కూర్చుని పాడేవాళ్లకు కార్డు ఉన్న మిక్సరే.

షిఫ్టుల లెక్క

కానీ ఆగండి. ఆ ఏడుగురూ ఒకేసారి కూర్చోగలరా?

డోలక్ అతనికి ఈ వారం నైట్ డ్యూటీ. హార్మోనియం ఆయనది జనరల్ షిఫ్టు. వంత పాడే ఇద్దరిలో ఒకరికి ఆదివారం కూడా ఓవర్‌టైమ్. ఇలాంటి చోట బృందమంతా ఒక పూట కలవాలంటే పండగ రావాలి! మిక్సర్ కొనాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాటలో మొత్తం ఎన్ని ట్రాకులన్నది కాదు, ఒకే సమయంలో ఎన్ని రికార్డు చేయాలన్నది లెక్క. ఒక్కొక్కరుగా వచ్చి పాడి వెళ్లేట్టయితే ఒకటి రెండు మైకు సాకెట్లు చాలు. ముందుగా ఎవరో ఒకరు కీబోర్డు మీద శ్రుతీ లయా పెట్టి ఓ దారి ట్రాక్ వేస్తారు. సాయంత్రం డ్యూటీ దిగినాయన దాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ హార్మోనియం వాయించి వెళ్తాడు. మర్నాడు నైట్ డ్యూటీ చేసొచ్చినాయన ఓ కునుకు తీసి డోలక్ వాయిస్తాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే వారం తిరిగేసరికి పాట సిద్ధం.

దీనికి మిక్సరే అక్కర్లేదు. 'ఆడియో ఇంటర్‌ఫేస్' అని అరచేయంత పెట్టె ఉంటుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ... ఇలా రెండేసి సాకెట్లవి. మైకూ, హెడ్‌ఫోనూ, స్టాండూ కలిపి చూసుకున్నా ఇరవై పాతికవేలలో బయటపడొచ్చు. ఇంట్లో కంప్యూటరో ల్యాప్‌టాప్పో ఉండాలి మరి. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు, ఆడాసిటీ ఉచితం. రీపర్ అనేది 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, నచ్చితే 60 డాలర్లు. డోలక్‌కు రెండు వైపులా రెండు మైకులు, వంతకు ఒకటి, అసలు గొంతుకు ఒకటి ఒకేసారి కావాలంటే నాలుగు సాకెట్ల యూఎంసీ404హెచ్‌డీ లాంటిది చూసుకోవచ్చు.

ఇలా విడివిడిగా చేయడంలో ఓ లోటుంది, చెప్పకపోతే తప్పవుతుంది. భజనలో ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ వేగం పెంచుతారు చూడండీ... ఆ ఊపు ఇందులో రాదు. వంతవాళ్లు తాళం తప్పినా పాట మాత్రం తప్పదే, ఆ ముచ్చట అసలే రాదు. అందుకే భజనకు మిక్సరూ, ఒక్క గొంతు పాటకు ఇంటర్‌ఫేసూ అని పంచుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇంకొక్క మాట. కంప్యూటర్లోకి వెళ్లి తిరిగొచ్చే శబ్దం రెప్పపాటు ఆలస్యమవుతుంది. అది వింటూ తాళం వేస్తే తప్పకుండా దారి తప్పుతారు. 'డైరెక్ట్ మానిటర్' అనే మీట ఉంటే మన గొంతు కంప్యూటర్‌దాకా పోకుండానే చెవికి వినపడుతుంది. ఏది కొన్నా ఈ మీట ఉండేట్టు చూసుకోండి.

గుయ్‌మనే గొడవ

పరికరం ఎంత మంచిదైనా జిన్నారంలాంటి చోట దానికో శత్రువుంది- కరెంటు. అంతా బాగానే ఉంటుంది, హెడ్‌ఫోన్ పెట్టగానే 'గుయ్...' మని సన్నటి మోత. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఆ ఊపే తీగల్లోకి చొరబడి గుయ్‌మంటుంది. ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోవడం, మిక్సర్ ఓ గదిలోని ప్లగ్గులోంచీ ల్యాప్‌టాప్ ఇంకో గదిలోంచీ కరెంటు తీసుకోవడం దీనికి కారణాలు. అన్నిటినీ ఒకే బోర్డు నుంచి నడపండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద పెట్టి చూడండి, చాలాసార్లు మోత అక్కడే పోతుంది. కొందరు మోత పోతుందని మూడు పుల్లల ప్లగ్గులో ఎర్త్ పుల్ల తీసేస్తుంటారు. పొరపాటున కూడా ఆ పని చేయకండి. ఇనుప మైకు పెదాలకు తగిలించుకుని పాడే మనిషికి ప్రాణాల మీదికొస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ సరిచేయించుకునే ఖర్చు మిక్సర్ ఖర్చులో భాగమే అనుకోండి.

గది సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. రేకుల కప్పు కింద వానాకాలంలో రికార్డింగ్ పెట్టుకోవద్దు. బట్టల బీరువా తలుపులు తెరిచి, గోడకు రెండు బొంతలు వేలాడదీసి, వాటివైపు వీపు పెట్టి పాడితే గొంతులో మారుమోగడం తగ్గుతుంది. ఫ్యాను కట్టేయండి, ఫ్రిజ్ ఆపండి... తర్వాత మళ్లీ వేయడం మర్చిపోకండి, పాలు విరుగుతాయి! రోడ్డు మీద లారీల మోత తెల్లవారుజామున కొంత నయం. ఇక్కడ పెద్ద కండెన్సర్ మైకు కన్నా ష్యూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకే మేలు, దూరంగా ఉన్న కంప్రెసర్ హోరును అంతగా పట్టుకోదు. కండెన్సర్ మైకే కావాలంటే దానికి 48 వోల్టుల 'ఫాంటమ్ పవర్' ఇచ్చే మీట మిక్సర్ మీద ఉండాలి.

కోఠి వెళ్లే ముందు

మిక్సర్ కోసం చాలామంది హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తారు. వెళ్లేటప్పుడు మీ మైకూ, హెడ్‌ఫోనూ, వీలైతే ల్యాప్‌టాప్పూ వెంట తీసుకెళ్లండి. ప్రతి సాకెట్‌కూ మైకు పెట్టి, దాని మీటను కింది నుంచి పైకి తిప్పి వినండి. సెకండ్‌హ్యాండ్‌ది అయితే ఇది మరీ ముఖ్యం. మీట తిప్పుతుంటే గరగరమంటే లోపల దుమ్ము చేరిందన్నమాట, బేరం తగ్గించొచ్చు. ఒక ఛానెల్ అసలు పలకకపోతే మాత్రం వదిలేయండి. 2000 సంవత్సరం తర్వాత వచ్చిన ఫైర్‌వైర్ మిక్సర్లు కారుచౌకగా దొరుకుతుంటాయి. 'ఎనిమిది ట్రాకులు, పదివేలే' అంటే ఎవరికైనా నోరూరుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ సాకెట్టే ఉండదు. ఇంటికి తెచ్చుకుంటే అలమరలో అలంకారానికే!

రికార్డింగ్‌లో కొత్తవాళ్లు చేసే పని, మీటరు ఎర్రదీపం దాకా ఎక్కించడం. క్యాసెట్ల రోజుల్లో కొంచెం ఎక్కినా చెల్లేది. డిజిటల్‌లో ఎర్రదీపం వెలిగిందంటే అక్కడ గొంతు చిరిగినట్టే, ఎవరూ కుట్టలేరు. 24 బిట్‌లో రికార్డు చేస్తూ మీటరును మైనస్ 18, మైనస్ 12 మధ్య ఆడనివ్వండి. తక్కువగా ఉందని కంగారొద్దు, తర్వాత పెంచుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ లెక్కన ఒక్కో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ. ఐదు నిమిషాల పాట ఎనిమిది ట్రాకుల్లో 350 ఎంబీ లోపే.

ఇంత తతంగం యూట్యూబ్ కోసమే కానక్కర్లేదు. ఫ్యాక్టరీలు రాకముందు ఈ ఊళ్లు ఎలా ఉండేవో పాటలో చెప్పగల అవ్వలు ఇంకా కొందరున్నారు. నాట్లప్పుడు పాడినవి, తిరగలి దగ్గర పాడినవి వాళ్లకు మాత్రమే వచ్చు. నాట్లు వేసిన మడుల్లో ఇప్పుడు ఫ్యాక్టరీ గోడలు లేస్తుంటే, ఆ పాటలు మళ్లీ పాడే సందర్భం ఎక్కడిది? అవ్వకు హెడ్‌ఫోన్ పెట్టి దారి ట్రాక్ వినిపించి 'దీనికి తగ్గట్టు పాడు' అంటే మాత్రం పాట బయటికి రాదు. నులకమంచం మీద కూర్చోబెట్టి, జానెడు దూరంలో ఒక్క మైకు పెట్టి, ఆమె శ్రుతిలో ఆమెను పాడనివ్వండి. వంతకు ఇంకో ఇద్దరు ఆడవాళ్లుంటే వాళ్లకో మైకు. డోలక్కూ హార్మోనియమూ తర్వాత ఆ గొంతు వెంట నడుస్తాయి. ఆ రోజు మిక్సర్ లేకపోతే ఫోన్‌తోనైనా సరే, ఆలస్యం మాత్రం చేయొద్దు.

రికార్డయ్యాక ఫైలుకు 'కొత్తది 1', 'కొత్తది 2' అని పేర్లు పెట్టి వదిలేయకండి. పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, ఆ పాట ఆమెకు ఎవరు నేర్పారు అన్నది మొదటే మైకులో చెప్పించండి. ట్రాకులన్నీ కంప్యూటర్లో ఓ కాపీ, విడిగా పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో ఇంకో కాపీ పెట్టండి. ఆ రెండో కాపీ తెరుచుకుంటోందో లేదో పల్లవి దాకా విని చూశాకే మిక్సర్లోని కార్డు చెరపండి.